బావిలో సర్దార్... వార్డులో సిస్టర్!

రోగం తగ్గుతుందని వెళ్లిన చోటే కొత్త ప్రమాదం ఎదురైతే? ఒక మాత్ర మారిపోవడం, ఒక చేయి కడుక్కోకపోవడం, ఒక గుడ్డముక్క లెక్క తప్పడం... వినడానికి చిన్న విషయాలే. ప్రాణాల మీదికి తెచ్చేవీ అవే. వాటికి అడ్డంగా నిలబడే చివరి గోడ, నర్సు. ఆ గోడ విలువేంటో బొగ్గుబావుల ఊళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎందుకంటే...

బొగ్గుబావిలో ప్రమాదం చాలాసార్లు చెప్పే వస్తుంది. వినే చెవి ఉండాలంతే!

బెల్లంపల్లిలో పాతతరం ఇళ్లన్నిటికీ తెలిసిన సంగతే ఇది. షిఫ్టువాళ్లు పనిలోకి దిగేముందు మైనింగ్ సర్దార్ ఆ చోటంతా తిరిగి చూస్తాడు. కడ్డీతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర ఊడి ఉంటే డొల్లగా పలుకుతుంది. గ్యాస్ ఉందేమో పరీక్షిస్తాడు. ముందు షిఫ్టు సర్దార్ రాసిపెట్టిన రిపోర్టు చదువుతాడు. తను చూసింది రాసి సంతకం పెడతాడు. బావిలోకి దిగినవాళ్లెందరో, పైకి వచ్చినవాళ్లెందరో ల్యాంప్‌రూమ్‌లో లెక్క తేలుతుంది. ఒక్క దీపం తిరిగి రాకపోయినా ఒక మనిషి లోపలే ఉన్నట్టు లెక్క. చోటు బాగాలేదనిపిస్తే మనుషుల్ని వెనక్కి పంపే బాధ్యతా సర్దార్‌దే.

ఈ పద్ధతులు ఊరికే పుట్టలేదు. ప్రతి నిబంధన వెనకా ఒక ప్రమాదం ఉంటుంది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తినప్పుడు 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి పదిమంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా 'ఎక్కడ తప్పింది?' అని అడిగారు. అడిగి తెలుసుకున్నదే రక్షణ సూత్రమైంది.

ఇప్పుడు బావి నుంచి ఆసుపత్రికి వద్దాం. బెల్లంపల్లి, రామకృష్ణాపూర్, గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు... సింగరేణి ఉన్న చోటల్లా ఓ ఏరియా ఆసుపత్రి ఉంటుంది. కొత్తగూడెంలో మెయిన్ ఆసుపత్రి. అక్కడే కాదు, సర్కారు దవాఖానా అయినా కార్పొరేట్ ఆసుపత్రి అయినా మూడు షిఫ్టులూ మెలకువగా ఉండే మనిషి ఒకరున్నారు. డాక్టరు వచ్చి చూసి వెళ్తారు. సిస్టర్ మాత్రం మంచం పక్కనే ఉంటుంది. బావిలో సర్దార్ చేసే నాలుగు పనులే... చూడటం, లెక్కపెట్టడం, రాయడం, అవసరమైతే ఆపడం... వార్డులో ఆమె చేస్తుంది.

పదిమందిలో ఒకరికి!

ఆసుపత్రి అంటే మేలు చేసే చోటు. మరి కీడు ఎక్కణ్నుంచి వస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వైద్యం పొందుతున్న ప్రతి పదిమందిలో ఒకరికి, వచ్చిన జబ్బు వల్ల కాకుండా, జరిగిన వైద్యం వల్ల ఏదో ఒక హాని కలుగుతోంది. అందులో సగానికి పైగా నివారించగలిగినవే. అందుకే 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు.

ఈ ఆలోచనను బలంగా చెప్పినవాళ్లలో ఓ నర్సూ ఉన్నారు. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవ చేయడానికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్, అక్కడ గాయాలకన్నా ఆసుపత్రిలోని మురికి వల్లే ఎక్కువమంది చనిపోతున్నారని లెక్కలు కట్టి మరీ చూపించారు. ఆసుపత్రి చేయాల్సిన మొదటి పని రోగికి హాని చేయకుండా ఉండటమేనని ఆమె వాదన. ఇంత తేలిక విషయాన్ని చెప్పాల్సి రావడమే వింత అని కూడా ఆమెకు తోచింది. నూట డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా చెప్పాల్సే వస్తోంది.

పేరు చదివి ఉంటే...

2019 మార్చి. హైదరాబాద్ నాంపల్లిలోని ఓ అర్బన్ హెల్త్ సెంటర్‌లో పసిపిల్లలకు టీకాలు వేశారు. టీకా తర్వాత జ్వరం వస్తే వేయమని మాత్రలు ఇవ్వడం మామూలే. ఇవ్వాల్సింది పారాసిటమాల్. తల్లుల చేతికి వెళ్లింది ట్రమడాల్! పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పులకు వాడే మందది. పసివాళ్లలో మత్తు కమ్మి, శ్వాస మందగిస్తుంది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. ముప్ఫైమందికి పైగా నీలోఫర్‌లో చేరారు.

ఎవరూ ఆ పిల్లలకు కీడు తలపెట్టలేదు. మాత్ర మాత్రలాగే ఉంది. పట్టీ పట్టీలాగే ఉంది. స్టోరు నుంచి తల్లి చేతిదాకా వచ్చే దారిలో ఎక్కడో ఒకచోట, ఒక్కరు పేరు చదివి ఉంటే ఆగిపోయేది.

ఆ చదవడాన్నే నర్సింగ్ పాఠాల్లో 'అయిదు సరులు' అంటారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. వినడానికి సులువే. అయితే ఒకే వార్డులో ఇద్దరు రాజయ్యలుంటే? అందుకే 'మీరు రాజయ్యేనా?' అని అడగకూడదు. మగతలో ఉన్న రోగి దేనికైనా 'ఊ' అంటాడు. 'మీ పేరేంటి? మీ నాన్న పేరేంటి?' అని అడిగి, జవాబును కేస్‌షీటుతోనూ చేతి పట్టీ మీది నంబరుతోనూ సరిచూడాలి. బెడ్డు నంబరు చూసి మందివ్వడం అస్సలు పనికిరాదు. మంచాలు మారిపోతుంటాయి కదా!

పేర్లు ఒకేలా వినిపించే మందులు, ఒకేలా కనిపించే సీసాలు ఇంకో చిక్కు. వాటిని పక్కపక్కన పెట్టకూడదు. చిక్కటి పొటాషియం క్లోరైడ్ నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. అందుకే మామూలు ఇంజక్షన్లతో కలపకుండా దాన్ని తాళం వేసి విడిగా ఉంచుతారు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లాంటివి ఇచ్చేముందు ఇద్దరు నర్సులు విడివిడిగా మోతాదు చూస్తారు. రక్తం ఎక్కించేముందూ అంతే. రోగి మంచం దగ్గరే ఇద్దరూ గ్రూపు, బ్యాగు నంబరు, పేరు చూడాలి. ఎక్కించడం మొదలుపెట్టాక మొదటి పావుగంట రోగిని కనిపెట్టుకుని ఉండాలి. గ్రూపు కలవకపోతే ఆ లక్షణాలు సాధారణంగా అప్పుడే మొదలవుతాయి.

డాక్టరు ఫోన్‌లో మందు చెబితే? రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. ఇంగ్లిషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. పదిహేను కాస్తా యాభై అయిందంటే మందు మూడింతలు దాటినట్టే. అందుకే 'వన్, ఫైవ్' అని అంకెలు విడదీసి చెప్పమంటారు.

ఇరవై సెకన్ల రక్షణ

1847లో వియన్నాలోని ఓ ప్రసూతి వార్డులో నెలకు వందమందిలో పద్దెనిమిది మంది దాకా బాలింతలు జ్వరంతో చనిపోయేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, వార్డులోకి వచ్చే డాక్టర్లంతా క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. కొన్ని నెలల్లోనే ఆ మరణాలు రెండు శాతం దరిదాపులకు పడిపోయాయి. అప్పటికి సూక్ష్మజీవుల సంగతే ఎవరికీ సరిగా తెలియదు!

అన్నీ తెలిసిన ఈ రోజుల్లో మనమేం చేస్తున్నాం? 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబనియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్‌ఫెక్షన్ సోకి నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించి కాపాడుకోవాల్సి వచ్చింది. అంతకుముందు, 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్లలో ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆపరేషన్‌లో వాడిన సెలైన్ ద్రావణంలోనే బ్యాక్టీరియా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

ఇలాంటివి ఆగాలంటే పని రద్దీ ఎంత ఉన్నా కొన్ని పనులు తప్పకూడదు. ఒక కేసుకూ మరో కేసుకూ మధ్య పరికరాలు శుభ్రమయ్యే సమయం ఇవ్వాలి. స్టెరిలైజ్ చేసిన పెట్టె మీద తేదీ, రంగు మారే సూచిక పట్టీ చూడాలి. సీసా మూత, గడువు తేదీ చూసి బ్యాచ్ నంబరు రాసుకోవాలి. అప్పుడే, ఒక్కరికి తేడా చేసినా అదే బ్యాచ్ మిగతా సీసాలన్నీ వెంటనే పక్కన పెట్టగలుగుతారు.

ఇక చేతులు. రోగిని ముట్టుకునే ముందు, సూది గుచ్చడంలాంటి పనికి ముందు, రక్తమో మలమూత్రాలో అంటాక, రోగిని ముట్టుకున్నాక, అతని మంచం, బల్ల తాకాక... ఈ అయిదు సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకోవాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. స్పిరిట్ కలిసిన ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు. సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు. గ్లవుజులు వేసుకున్నాం కదా అని ఊరుకోవడానికి లేదు. ఒక రోగి దగ్గర వేసుకున్న గ్లవుజులతో మరో రోగిని ముట్టుకుంటే కడగని చేతికీ దానికీ తేడా లేదు.

నర్సు తనను తాను కాపాడుకోవడమూ ఇందులో భాగమే. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతేనే చాలామందికి గుచ్చుకుంటుంది. దాన్ని అలాగే, సూది దిగని గట్టి తెల్లడబ్బాలో వేసేయాలి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే.

దిగినవెన్ని? తేలినవెన్ని?

2019 ఫిబ్రవరిలో ఓ వార్త రాష్ట్రమంతా నివ్వెరపోయేలా చేసింది. నిమ్స్‌లో మూడు నెలల కిందట ఆపరేషన్ చేయించుకున్న మహిళ, కడుపునొప్పి తగ్గక ఎక్స్‌రే తీయించుకుంటే లోపల ఓ ఫోర్‌సెప్స్ కనిపించింది!

బావిలో దీపాల లెక్కలాంటిదే ఆపరేషన్ థియేటర్‌లోనూ ఉంది. కోత పెట్టకముందు ఎన్ని కత్తెరలు, ఎన్ని సూదులు, ఎన్ని గుడ్డముక్కలు ఉన్నాయో ఇద్దరు గట్టిగా పలుకుతూ లెక్కపెడతారు. బోర్డు మీద రాస్తారు. కుట్లు వేసేముందు మళ్లీ లెక్క. చివర్లో మరోసారి. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా వెతకాల్సిందే. దొరక్కపోతే ఎక్స్‌రే తీయాల్సిందే. ఎంత పెద్ద సర్జన్ తొందరపడినా 'సార్, లెక్క తేలలేదు' అని చెప్పగలిగిన నర్సే ఆ గదిలో అసలైన ల్యాంప్‌రూమ్.

ఇలాంటి ప్రశ్నలన్నిటినీ గుదిగుచ్చి, 19 అంశాలతో ఒక్క కాగితం మీదికి తెచ్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇదే రోగేనా? ఇదే కాలా? అలర్జీలున్నాయా? లెక్క సరిపోయిందా? ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని వాడి చూశారు. ఆపరేషన్ల తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇతర సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. కాగితం మీది ప్రశ్నలకు పైకి జవాబు చెప్పడం, అంతే.

కప్పు తట్టి విన్నట్టే...

మనిషి ఒంట్లోనూ కప్పు కూలేముందు చప్పుడు మారుతుంది. గుండె ఆగడానికి కొన్ని గంటల ముందే చాలామందిలో ఊపిరి వేగం పెరుగుతుంది, నాడి మారుతుంది, మాట తడబడుతుంది. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. దాన్ని గడియారం పెట్టుకుని లెక్కించాలి. ఛార్టులో అంచనాగా ఇరవై అని రాసేస్తే కప్పు తట్టకుండానే సంతకం పెట్టినట్టు!

బొగ్గుగనుల ప్రాంతంలో ఇంకొన్ని జాగ్రత్తలు మరీ ముఖ్యం. కప్పు కూలి వెన్ను విరిగిన మనిషి నెలలతరబడి మంచం మీదే ఉండాల్సి రావచ్చు. నడుం కింద, మడమల దగ్గర చర్మం నలిగి పడకపుండ్లు పడతాయి. అవి ఎముకదాకా దిగి, ఒళ్లంతా చీము పట్టి ప్రాణం తీసిన సందర్భాలూ ఉంటాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడమే దానికి మందు. చర్మం మీద ఎర్రమచ్చ కనిపిస్తే వేలితో నొక్కి చూడాలి. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే.

ఏళ్లతరబడి దుమ్ములో పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ల సంగతి మరోరకం. ఆయాసం చూడలేక ఇంటివాళ్లు ఆక్సిజన్ పెంచమంటారు. కొందరు తామే మీట తిప్పేస్తారు. కానీ ఇలాంటి రోగుల్లో చాలామందికి రక్తంలో ఆక్సిజన్ 88-92 శాతం ఉంటే చాలు. అవసరానికి మించి ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. నిద్రపోతున్నాడని మనం సంబరపడతాం. ఆ నిద్ర వెనకున్న ప్రమాదం తెలిసేది నర్సుకే.

ఇక డ్యూటీ మారే సమయం. ప్రమాదాలకు అదో సందు. 'అంతా బాగానే ఉంది' అని చెప్పి వెళ్లిపోతే కుదరదు. ఇప్పుడెలా ఉన్నాడు, వెనక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, నువ్వేం చేయాలి... ఈ నాలుగూ వరసగా, మంచం పక్కన నిలబడి చెప్పాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఇది. ఆసుపత్రుల్లోకి వచ్చి స్థిరపడిపోయింది.

'ఆగండి సార్!'

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఓ ప్రయోగం చేశారు. రోగి పెద్ద నరంలోకి గొట్టం వేసేటప్పుడు డాక్టరు అయిదు శుభ్రతా పద్ధతులు పాటిస్తున్నారో లేదో నర్సు చూడాలి. ఒక్కటి తప్పినా అక్కడికక్కడే ఆపించే అధికారం ఆమెకిచ్చారు. ఏడాదిన్నరలో ఆ గొట్టాల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. 2006లో ఆ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతా దాన్ని అందుకుంది.

మరి మన దగ్గర? డాక్టరును నర్సు ఆపడమంటే ఇప్పటికీ చాలాచోట్ల ధిక్కారమే. పొరపాటు జరిగితే ముందు సస్పెండయ్యేదీ ఆమే. దాంతో జరిగిన పొరపాటు కేస్‌షీటు కిందే దాగిపోతుంది. త్రుటిలో తప్పినదైతే చెప్పేవాళ్లే ఉండరు. నిర్లక్ష్యంగా చేసినవాళ్లను శిక్షించాల్సిందే. కానీ నిజాయతీగా చెప్పినవాళ్లనూ అదే గాటన కడితే తర్వాతి ప్రమాదం గురించి ముందే చెప్పే నోరు మూతపడుతుంది. కప్పు డొల్లగా పలికిందని చెప్పిన సర్దార్‌నే తిడితే బావి ఏమవుతుంది?

చేతులెన్ని ఉన్నాయన్నదీ ముఖ్యమే. సాధారణ వార్డుల్లో అయిదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రిపూట మన వార్డుల్లో ఆ లెక్క ఎన్నిచోట్ల కనిపిస్తుంది? ఒక్కో నర్సుకు అదనంగా చేరే ప్రతి రోగితో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నెలలోపు మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతోందని 2002లో అమెరికాలో జరిగిన పరిశోధన చెప్పింది. నలభైమందికి ఒక్కరే ఉన్నచోట 'అయిదు సరులు' చూడలేదేమని అడగటం సులువే. చూసే తీరిక ఆమెకు ఎవరిచ్చారు?

ఇంటివాళ్లూ... ఇవి మీ వంతు!

* సిస్టర్ పేరు అడిగితే విసుక్కోకండి. పదిసార్లడిగినా పదిసార్లూ చెప్పండి. అడక్కుండా మందిస్తుంటే 'ఇదేం మందమ్మా?' అని మీరే అడగండి.

* సెలైన్ తొందరగా అయిపోవాలని చక్రం తిప్పకండి. ముసలివాళ్లకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఆక్సిజన్ మీటా అంతే.

* ఇంట్లో వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఏ మందు పడదో మొదటిరోజే చెప్పి కేస్‌షీటులో రాయించండి.

* పరామర్శకు గుంపుగా వెళ్లొద్దు. లోపలికి వెళ్లేముందు, వచ్చాక చేతులు కడుక్కోండి. రోగి మంచం మీద కూర్చోవద్దు.

* రాత్రి బాత్‌రూమ్‌కి పెద్దవాళ్లను ఒంటరిగా పంపకండి. వార్డుల్లో జారిపడే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

* మాత్రతో తగ్గేదానికి ఇంజక్షన్ కావాలని పట్టుబట్టకండి. వేయాల్సివస్తే సిరంజి ప్యాకెట్ మీ ఎదుటే విప్పమనండి.

* 'మనిషి ఎప్పటిలా లేడు' అనిపిస్తే వెంటనే చెప్పండి. ఛార్టులో ఎక్కని మార్పును ముందుగా పట్టేది ఇంటివాళ్లే.

ఈసారి ఆసుపత్రిలో ఓ సిస్టర్ సీసా మీది పేరు రెండోసారి చదువుతూ కనిపిస్తే, ఆలస్యం చేస్తోందని అనుకోకండి. మన మనిషి క్షేమంగా ఇంటికి రావడానికి ఆ అరనిమిషం ఆమెకు వదిలేయండి!